రాణీగారి ఊళ్లో మూడ్రోజులు

"ఏమోయ్, నాకు విక్టోరియా రాణీ కాలం కావాలి!" అన్నారు మా డైరెక్టరుగారు, పక్క కొట్లోంచి కిళ్లీ పట్టుకురమ్మన్నంత తేలిగ్గా.

సంగతేమిటంటే, మా కొత్త పిక్చర్లో హీరోయిన్ కల కంటుంది. కలలో లండన్! పొడుగు గౌను, లేసు గొడుగు, గుర్రబ్బండి, పొగమంచు, వీధి మలుపులో గ్యాసు దీపం. హీరో నల్ల టోపీ తీసి వంగుతాడు. ఆవిడ గౌను అంచు కాస్త పైకెత్తి పట్టుకుని వీధి దాటుతుంది. అక్కడ పల్లవి! యూనిట్ కంటే ముందు అసోసియేట్‌నైన నేను వెళ్లి అలాంటి చోట్లు చూసి, ఫోటోలు తీసుకురావాలి. మూడే మూడు రోజులు. నాలుగో రోజు ఉంటే ఖర్చు నాదేనని ప్రొడ్యూసరుగారు నవ్వుతూనే సెలవిచ్చారు.

విక్టోరియా రాణి నాకు బొత్తిగా కొత్తేం కాదు లెండి. మా అమ్మ దగ్గర ఆవిడ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటుంది. అమ్మ నాటకాల్లో వేషాలు వేసేది. ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లంటే మా అమ్మ సత్యభామ వేషం ఉండాల్సిందే. స్టేజీ మీద ఆవిడ మెళ్లో మెరిసే రూపాయల పేరు మా అవ్వది. అందులో రూపాయలన్నీ ఎటుపోయాయో పోయాయి, ఒక్కటి మిగిలింది. నేను బయల్దేరే రోజున అమ్మ దాన్ని నా పర్సులో పెట్టి, "ఆయమ్మ ఊరికే పోతాండావు గదా నాయనా, ఒకతూరి సూపించుకోని రా" అంది.

ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాణి, పక్కన 'విక్టోరియా ఎంప్రెస్' అని ఇంగ్లీషు అక్షరాలు. రెండోవైపు 1877. ఆ అంకె గుర్తు పెట్టుకోండి, తర్వాత పనిబడుతుంది.

షిల్లింగు టిక్కెట్టు

మొదటి రోజు పొద్దున్నే కెన్సింగ్టన్ వెళ్లాను. విక్టోరియా పుట్టింది ఇక్కడి ప్యాలెస్‌లోనే, 1819 మే 24న. పద్దెనిమిదేళ్లు నిండిన నెల లోపే, 1837 జూన్ 20 తెల్లవారుజామున నిద్రలేపి, "ఇకమీదట మీరే రాణి" అని చెప్పారు. 1901 జనవరి 22న కన్నుమూసేదాకా ఆవిడే రాణి. అంటే 63 ఏళ్ల 7 నెలలు! మన భాషలో చెప్పాలంటే ఒకే హీరోయిన్‌తో అరవై మూడేళ్లు ఆడిన పిక్చరన్నమాట. ఆ పిక్చరు మొదలైనప్పుడు రైళ్లు అప్పుడప్పుడే నడక నేరుస్తున్నాయి. శుభం కార్డు పడేసరికి భూమి కింద రైలు, టెలిఫోను, కరెంటు దీపం, ఆఖరికి మన సినిమా కూడా వచ్చేశాయి. లండన్ జనాభా ఇరవై లక్షల చిల్లర నుంచి 65 లక్షలకు పెరిగింది.

ప్యాలెస్ ముందు తోటలో రాణీగారి పాలరాతి విగ్రహం ఉంది. చెక్కింది ఎవరో కాదు, ఆవిడ కూతురు లూయీజ్. 1893లో పెట్టారు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, పర్సులోంచి రూపాయి తీసి విగ్రహానికి చూపించాను. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన ఎక్కడినుంచి వచ్చాడో గానీ చూసి నవ్వుకుంటూ పోయాడు. అమ్మ మాట నెగ్గింది, అంతే చాలు!

అక్కణ్ణించి నడిచి వెళితే ఆల్బర్ట్ స్మారకం. ఆల్బర్ట్ అంటే రాణీగారి భర్త. 1840 ఫిబ్రవరి 10న పెళ్లి. ఆ పెళ్లికి ఆవిడ తెల్ల గౌను వేసుకుంది. అంతకుముందు రాచపిల్లలకు పెళ్లంటే ఎక్కువగా వెండి జరీ, బంగారు జరీ. మన హీరోయిన్లు కలల్లో వేసుకునే తెల్ల గౌనుకు ఫ్యాషను పట్టించింది ఆవిడే! తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. 1861 డిసెంబర్ 14న, 42 ఏళ్లకే ఆల్బర్ట్ పోయాడు. ఆ రోజు కట్టిన నల్లబట్టలు రాణీగారు చనిపోయేదాకా విడవలేదు. ఆయన పేరిట కట్టిన ఆల్బర్ట్ హాలును 1871 మార్చి 29న తెరిచినప్పుడు దుఃఖంతో గొంతు పెగలక, ఆవిడ బదులు కొడుకు మాట్లాడాడట.

స్మారకంలో బంగారు పూత పూసిన ఆల్బర్ట్ కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక పుస్తకం. బైబిల్ అనుకున్నాను. కాదట, 1851 ఎగ్జిబిషన్ కాటలాగు! నాలుగు మూలలా నాలుగు ఖండాల బొమ్మలున్నాయి. ఆసియాకు గుర్తుగా ఏనుగును పెట్టారు.

ఆ ఎగ్జిబిషన్ కథ మీకు చెప్పితీరాలి. ఎదురుగా ఉన్న హైడ్ పార్కులోనే ఇనుమూ గాజూ కలిపి జోసెఫ్ పాక్స్‌టన్ ఒక అద్దాల మేడ కట్టాడు. ప్రపంచంలోని యంత్రాలూ, బట్టలూ, నగలూ అందులో పెట్టారు. మన కోహినూరు కూడా! మొదట్లో టిక్కెట్టు ఒక పౌను, తర్వాత ఐదు షిల్లింగులు. గొప్పవాళ్లే వచ్చారు. మే 26 నుంచి సోమవారం మొదలు గురువారం దాకా ఒక్క షిల్లింగు చేశారు. ఇంకేముంది, నేల క్లాసు జనం రైళ్లెక్కి విరగబడ్డారు! ఐదున్నర నెలల్లో అరవై లక్షల టిక్కెట్లు తెగాయి. ఆ లాభంతో కొన్న స్థలంలోనే ఇప్పుడు దక్షిణ కెన్సింగ్టన్ మ్యూజియాలన్నీ ఉన్నాయి. అద్దాల మేడను ఊడదీసి సిడెన్హామ్‌లో మళ్లీ కట్టారు. 1936లో అది కాలిపోయింది.

షిల్లింగు రోజుల్లో వచ్చినవాళ్లు అల్లరి చేస్తారనీ, వస్తువులు పగలగొడతారనీ పెద్దమనుషులు భయపడ్డారట. అలాంటిదేమీ జరగలేదు. నేల క్లాసు గురించి పెద్దమనుషుల భయాలు ఎక్కడైనా ఒకటే!

దెయ్యం ఎలా వచ్చింది?

రెండో రోజు రీజెంట్ స్ట్రీట్. అక్కడి పాలిటెక్నిక్‌కు సినిమావాళ్లం దణ్ణం పెట్టుకోవాలి. 1862 డిసెంబర్ 24 రాత్రి, జాన్ హెన్రీ పెప్పర్ అనే సైన్సు మాస్టారు ఇక్కడ స్టేజీ మీదికి దెయ్యాన్ని రప్పించాడు. డికెన్స్ రాసిన కథలోని దెయ్యం. పక్కనున్న నటుడు కత్తితో పొడిస్తే కత్తి దాని ఒంట్లోంచి దూసుకుపోతుంది! జనం గుండెలు జారిపోయాయి.

కిటుకు చాలా చిన్నది. స్టేజీ ముందు పెద్ద గాజుపలకను వాలుగా నిలబెడతారు. చీకట్లో అది కనబడదు. స్టేజీ కింద, ప్రేక్షకుల కంటబడని గోతిలో దెయ్యం వేషగాడు ఉంటాడు. అతని మీద గట్టి దీపం వేస్తే అతని ప్రతిబింబం గాజులో తేలి, స్టేజీ మీద నిలబడ్డట్టు కనబడుతుంది. దీపం తగ్గిస్తే మాయం! మన 'మాయాబజార్' చూసి ముక్కున వేలేసుకున్నవాళ్లమే కదా. ఆ మాయలకు ముత్తాత ఈ గాజుపలక.

అదే పాలిటెక్నిక్‌లో 1896 ఫిబ్రవరి 20న లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు చూపించారు. టిక్కెట్టు మీద ప్రేక్షకులు సినిమా చూడటం బ్రిటన్‌లో అక్కడే మొదలైంది. నాలుగున్నర నెలలకే, జూలై 7న, అవే బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడాయి. ఆ ఏడాది అక్టోబరులో స్కాట్లండ్‌లోని బాల్మోరల్లో రాణీగారు తానే కెమెరా ముందు నడిచింది. 1897 జూన్ 22న వజ్రోత్సవ ఊరేగింపు తీయడానికి కెమెరావాళ్లు పోటీలు పడ్డారు. నల్లబట్టల ముసలి రాణిగారికీ స్టారు హోదా వచ్చేసింది!

ఆ హాలు 2015లో మళ్లీ సినిమాహాలుగా తెరుచుకుంది. ఎర్ర కుర్చీల్లో కాసేపు కూర్చుని, మధ్యాహ్నం ఛారింగ్ క్రాస్ రోడ్డులో పాత పుస్తకాల కొట్లు తిరిగాను. హెన్రీ మేహ్యూ అనే పత్రికాయన లండన్ బీదల్ని వీధి వీధీ తిరిగి పలకరించి రాసిన పుస్తకం చవగ్గా దొరికితే కొన్నాను.

పాటలకే పర్మిషన్!

సాయంత్రం తూర్పు లండన్, విల్టన్స్ మ్యూజిక్ హాల్. సందులో సందు. బయటినుంచి చూస్తే పాత కల్లు దుకాణం లాగుంది. లోపల అడుగు పెడితే పెద్ద హాలు, చుట్టూ మెలితిప్పిన చెరకుగడల్లాంటి స్తంభాల మీద బాల్కనీ! 1859లో జాన్ విల్టన్ కట్టించాడు. ఆటెన్‌బరోగారి 'చాప్లిన్' (1992) సినిమాకు ఇక్కడ షూటింగ్ జరిగింది.

ఈ మ్యూజిక్ హాళ్లు ఎలా పుట్టాయో తెలుసా? 1843లో ఒక చట్టం వచ్చింది. నాటకం ఆడే హాల్లో తాగకూడదు, తాగే హాల్లో నాటకం ఆడకూడదు. దాంతో తాగే హాళ్లవాళ్లు నాటకం మానేసి పాటలు, డాన్సులు, హాస్యం, గారడీ పెట్టారు. కూలీ నాలీ, నావికులూ బీరు తాగుతూ కోరస్ అందుకునేవారు. మేరీ లాయిడ్ పాటంటే ఈలలే ఈలలు. మాటల్లో తప్పేం ఉండదు, అంతా కంటిచూపులోనే! వెస్టా టిల్లీ మగవేషం వేసి సూటూ బూటుతో దిగేది. మన స్థానం నరసింహారావుగారు ఆడవేషంలో ఆంధ్రదేశాన్ని ఊపెయ్యటానికి ముందే అక్కడ ఆడది మగవేషంతో ఊపేసింది.

ఆ రోజుల్లోనే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో సురభి నాటకాలు మొదలయ్యాయి. 1892లో విజయనగరంలో గురజాడవారి 'కన్యాశుల్కం' స్టేజీ ఎక్కింది. వాటికీ వీటికీ చుట్టరికం లేదు. ఉన్న చుట్టరికమల్లా ఒకటే: పగలంతా ఒళ్లు హూనం చేసుకున్నవాడికి రాత్రి ఒక పాట కావాలి.

హూనమంటే మామూలు హూనమా! ఆ చుట్టుపక్కల అగ్గిపుల్లల ఫాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలకు భాస్వరం ఆవిరికి దవడ ఎముక కుళ్లిపోయేది. 1888 జూలైలో 'బో'లోని ఫాక్టరీ పిల్లలు సుమారు 1400 మంది పని మానేసి రోడ్డెక్కారు, గెలిచారు. మరుసటి ఏడు రేవు కూలీల సమ్మెలో, అప్పటికి మిషన్ చేతుల్లోకి వెళ్లిన ఈ విల్టన్స్ హాల్లోనే రోజుకు రెండువేల భోజనాలు పెట్టారట. పాటల హాలు అన్నం హాలయిందన్నమాట!

చార్లీ వచ్చిన గేటు

మూడో రోజు నా సరదా కోసం దాచుకున్నాను. కెన్నింగ్టన్‌లో సినిమా మ్యూజియం ఉంది. ముందే చెప్పుకుని వెళ్లాలి. పాత ప్రొజెక్టర్లు, పోస్టర్లు, టార్చిలైటుతో సీటు చూపించే అమ్మాయిల యూనిఫారాలు, రేకు డబ్బాల్లో రీళ్లు. ఆ వాసన పీలిస్తే చాలు, మా ఊరి టూరింగ్ టాకీసు గుర్తొచ్చింది. చూపిస్తున్న పెద్దాయన మెల్లగా అన్నాడు: "ఈ బిల్డింగు అసలు ఏమిటో తెలుసా? లాంబెత్ వర్క్‌హౌస్."

వర్క్‌హౌస్ అంటే బీదల కొంప. గతిలేనివాళ్లు అక్కడికి పోవచ్చు. తిండి పెడతారు, కానీ సుఖంగా పెట్టరు. సుఖంగా ఉంటే సోమరులంతా వచ్చి పడతారని 1834 చట్టం ఉద్దేశం. గేటు దాటగానే మొగుడొకవైపు, పెళ్లామొకవైపు, పిల్లలొకవైపు. సొంత బట్టలు తీసేసి యూనిఫారం. రాళ్లు కొట్టడం, పాత తాళ్లు పీచు పీచుగా విడదీయడం. 1896లో ఈ గేటులోంచి ఒక తల్లి ఇద్దరు కొడుకులతో లోపలికి వచ్చింది. చిన్నవాడికి ఏడేళ్లు. పేరు చార్లీ చాప్లిన్!

తల్లి హానా మ్యూజిక్ హాలు గాయని. 1894లో ఆల్డర్‌షాట్‌లో పాడుతుంటే గొంతు బొంగురుపోయింది. జనం గేలి చేశారు. మేనేజరు ఐదేళ్ల చార్లీని స్టేజీ మీదికి తోశాడు. పాట సగంలో జనం చిల్లర విసిరితే, ఆ పిల్లవాడు ఆపి, "డబ్బులు ఏరుకున్నాక పాడతా" అన్నాడట. హాలంతా నవ్వు. ఆ గొంతు మళ్లీ బాగుపడలేదు. రెండేళ్లలో వర్క్‌హౌస్.

చాప్లిన్ తన జీవితకథలో ఒక రోజు గురించి రాశాడు. తల్లి అధికారులతో చెప్పి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసింది. వర్క్‌హౌస్‌లో అప్పగించిన సొంత బట్టలు నలిగి ముడతలు పడి ఉన్నాయి. ముగ్గురూ కెన్నింగ్టన్ పార్కుకు పోయారు. ఉన్న డబ్బుతో చెర్రీపళ్లు కొనుక్కుని తిన్నారు. కాగితాలు ఉండచుట్టి బంతి ఆడుకున్నారు. సాయంత్రం టీ వేళకు మళ్లీ వర్క్‌హౌస్‌కే వెళ్లిపోయారు. చెయ్యగలిగింది మరేం లేదు.

నేను ఆ పార్కుకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. చెప్పొద్దూ, లేవబుద్ధి కాలేదు. నా ఎనిమిదో ఏట నాటకాలకు పిలుపులు తగ్గిపోయి, అమ్మ నన్ను కర్నూల్లో ఒక హాస్టల్లో చేర్చింది. నెలకోసారి ఆదివారం ఉగ్గాని పొట్లం పట్టుకుని వచ్చేది. కొండారెడ్డి బురుజు దగ్గర కూర్చుని తినేవాళ్లం. సాయంత్రం బెల్లు వేళకు నన్ను గేటు దగ్గర దింపి, వెనక్కి చూడకుండా బస్టాండుకు పోయేది. చూడకుండా ఎందుకు పోతుందని నాకు చాలా కోపంగా ఉండేది.

1877

పర్సులోంచి రూపాయి తీశాను. విక్టోరియా ఎంప్రెస్. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి రాణీగారు ఇండియాకు చక్రవర్తిని అయిందని చాటించారు. ఏనుగులు, తోరణాలు, విందులు. సరిగ్గా అప్పుడే మద్రాసు రాజధానిలో కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు, అంటే మా అవ్వ ముందరి తరాలవాళ్ల ఊళ్లు, ఎండిపోయాయి. 1876 నుంచి 1878 దాకా నడిచిన ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనాలున్నాయి. గింజలు రైళ్లెక్కి బయటికి పోతూనే ఉన్నాయి. కరువు పనుల్లో మగవాడికి రోజు కూలీ ఒక పౌను గింజలు, ఒక అణా చేశారు. ఎక్కువిస్తే సోమరులవుతారని! వర్క్‌హౌస్ సూత్రమే మన ఊళ్లకూ ఓడెక్కి వచ్చింది. మద్రాసు నగరం మధ్యనుంచి పోయే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం అలాంటి కూలీతో తవ్వించిందే.

అమ్మకు ఫోన్ చేశాను.

"యాడుండావు నాయనా? తిన్నావా?"

"తిన్నానమ్మా. ఒక మాట అడుగుతా. అవ్వ పేరులో మిగతా రూపాయలేమైనాయి?"

కాసేపు మాట లేదు. "ఇప్పుడెందుకు అయ్యన్నీ?"

"చెప్పమ్మా."

"జూన్ నెలొస్తే రెండో మూడో పోయేటియి. నీ పుస్తకాలకు, దుప్పటికి, టంకుపెట్టెకు. పదో తరగతి అయిపోయిందేమో, ఒకటి మిగిల్నాది."

అంతే అంది. నేనూ అంతకంటే ఏమీ అనలేకపోయాను.

చీపురు కుర్రాడు

ఆ రాత్రి హోటల్లో మేహ్యూ పుస్తకం తెరిచాను. మా పాటలో హీరోయిన్ దాటే వీధి కనబడింది! విక్టోరియా కాలపు లండన్ వీధులంటే వేల గుర్రాలు తిరిగే వీధులు. అంతా పేడ, బురద. గౌను నేలమీద జీరాడే దొరసాని వీధి దాటాలంటే ముందు ఎవరో ఒకరు ఊడవాలి. ఆ పనికి మూలమూలా చీపుర్లు పట్టుకున్న పిల్లలుండేవారు. జీతం లేదు. దాటినవాళ్లు పెన్నీ విసిరితే విసిరినట్టు. విసరకపోతే పిల్లిమొగ్గలు వేసి చూపించేవారట, నవ్వుతారేమో, ఇస్తారేమోనని.

హైదరాబాదు రాగానే డైరెక్టరుగారికి ఫోటోలన్నీ చూపించి, ఆఖర్న ఈ సంగతి చెప్పాను.

"కల పాటలో దరిద్రం ఎందుకోయ్?" అన్నారు.

"దరిద్రం కాదు సార్. ఆ కుర్రాడు లేకపోతే హీరోయిన్ గౌను పాడవుతుంది. వీధే దాటలేదు" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "ఆ చీపురు కుర్రాడు పిల్లిమొగ్గ బాగా వేస్తాడా?" అని మాత్రం అడిగారు.

పాట సగం అక్కడ, సగం ఇక్కడ సెట్టులో తీశాం. కుర్రాడు ఊడుస్తాడు, హీరోయిన్ దాటుతుంది, వాడు పిల్లిమొగ్గ వేస్తాడు, ఆవిడ ఆగి చూస్తుంది. మొత్తం మూడు సెకన్లు. నాణెం క్లోజప్‌కు అమ్మ రూపాయి అయితే బాగా మెరుస్తుందన్నారు డైరెక్టరుగారు. ఇవ్వనన్నాను. అది లండన్ వీధిలో చెల్లేది కాదు సార్, మా ఇంట్లోనే చెల్లింది అన్నాను. ఆయన నవ్వి వేరే నాణెం పెట్టించారు.

రూపాయి అమ్మ చేతిలో పెట్టేశాను. "సూసిందా ఆయమ్మ?" అంది.

"చూపించానమ్మా."

"సూసుంటాదా! రూపాయి మీద గూడా పక్కకే గదా ఆమె సూపు" అని నవ్వి, బీరువాలో దాచుకుంది.

ఇప్పుడు పిక్చరు ఎడిటింగులో ఉంది. ఆ మూడు సెకన్లు ఉంటాయో, కత్తెర పాలవుతాయో నా చేతుల్లో లేదు. ఉంటే మాత్రం, గౌను వంకే చూడకండి. దాని అంచు దగ్గర చీపురు పట్టుకున్న కుర్రాడు ఒకడు కనబడతాడు. మీ ఈలల్లో ఒకటి వాడికోసం అట్టే పెట్టండి!